కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అందరికంటే గొప్ప రన్నింగ్ బ్యాక్ ఎవరు?

టెక్సస్‌లోని ఆస్టిన్‌లో చదువుకుంటున్న మీ అబ్బాయి రికీ విలియమ్స్‌ను మించిన రన్నింగ్ బ్యాక్ అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో లేడంటున్నాడనీ, విస్కాన్సిన్ నుంచి వచ్చిన అతని రూమ్మేట్ రాన్ డేన్ పేరు చెబుతున్నాడనీ, తీరా మీరు రికార్డుల పట్టిక తెరిచి చూస్తే ఆ ఇద్దరికీ పైన డానెల్ పంఫ్రీ అనే, మీరెప్పుడూ వినని పేరు కనిపించిందనీ రాశారు. ఈ ముగ్గురిలో ఎవరు గొప్ప, అసలు వీరు కాక ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్క సీజన్‌నే లెక్కలోకి తీసుకుంటే 1988లో ఓక్లహోమా స్టేట్‌కు ఆడిన బ్యారీ శాండర్స్‌కు సాటి వచ్చేవారు లేరు. కాలేజీలో ఆడిన కాలం మొత్తాన్ని చూస్తే 1980 నుంచి 1982 వరకు జార్జియాకు ఆడిన హర్షెల్ వాకర్‌ను నేను మొదట నిలబెడతాను. మీరు చెప్పిన ముగ్గురూ గొప్పవారే కానీ, ఆ పట్టిక వారి వరుసను సరిగ్గా చెప్పడం లేదు. అంకెలన్నీ నిజమే అయినా వరుస ఎందుకు తప్పిందో తెలుసుకుంటే తప్ప ఈ ఆటలో వేర్వేరు కాలాలకు చెందిన ఏ ఇద్దరినీ పోల్చడం కుదరదు కాబట్టి, కాస్త ఓపిక పట్టి చదవమని కోరుతున్నాను.

ఈ ఆటతో పరిచయం లేనివారి కోసం రెండు మాటలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. గజమంటే మనం ఇళ్ల స్థలాల బేరాల్లో వినే గజమే, మూడడుగులు. జరగగలిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి ఎదుటివారి పాలవుతుంది. బంతిని గాలిలోకి విసిరి ముందుకు వెళ్లవచ్చు, లేదా ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ దాన్ని వెనక నిలబడిన ఆటగాడి పొట్టకు ఆనించి అప్పగిస్తే అతడు దాన్ని గట్టిగా అదుముకొని పరుగెత్తవచ్చు. అలా పరుగెత్తడమే వృత్తిగా ఉన్నవాడు రన్నింగ్ బ్యాక్. అతడి ముందు అయిదుగురు భారీకాయులు వరుసగా వంగి నిలబడి, ఎదుటి జట్టువారిని అటూ ఇటూ నెట్టి ఒక సందు తెరుస్తారు. ఆ సందు తెరుచుకొని మూసుకుపోవడానికి పట్టే సమయం ఒక సెకనుకు మించదు.

నేను 1990ల చివర్లో ఎంఎస్ చదవడానికి ఓక్లహోమాకు వచ్చినప్పుడు, మొదటి సీజన్ అంతా బంతి ఎక్కడుందో వెతుక్కోవడంతోనే సరిపోయింది. మా ల్యాబ్‌లో పరికరాలు మరమ్మతు చేసే పెద్దాయన ఒకరు ఒక శనివారం నా పక్కన కూర్చొని, బంతిని చూడటం మానేసి గార్డ్‌ను చూడమన్నారు. లైన్ మధ్యలో ఉండే సెంటర్‌కు ఇరుపక్కలా ఇద్దరు గార్డ్‌లు ఉంటారు. వారిలో ఒకరు ఎదురుగా ఉన్నవాడిని వదిలేసి లైన్ వెనకగా పక్కకు పరుగు తీశాడంటే, బంతి కూడా అటే వస్తోందన్నమాట. ఆ ఒక్క మాటతో నాకు ఆట అర్థం కావడం మొదలైంది. రన్నింగ్ బ్యాక్‌ల గురించి ఈ పాతికేళ్లలో నేను ఏర్పరచుకున్న అభిప్రాయాలన్నిటికీ మూలం కూడా అదే: సందు ఎవరో తెరిస్తే అందులోంచి వెళ్లినవాడెవరు, తెరవాల్సిన సందు తెరుచుకోకపోయినా వెళ్లినవాడెవరు అన్నదే నేను చూసేది.

ఇక పట్టిక సంగతి. కాలేజీ జీవితంలో పరుగెత్తిన మొత్తం గజాల జాబితాలో శాన్ డియేగో స్టేట్‌కు 2013 నుంచి 2016 వరకు ఆడిన పంఫ్రీ 6,405 గజాలతో మొదట ఉంటాడు. 1996 నుంచి 1999 వరకు విస్కాన్సిన్‌కు ఆడిన రాన్ డేన్ 6,397 గజాలతో రెండో స్థానంలో ఉంటాడు. తేడా ఎనిమిది గజాలు. అయితే కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 2002 వరకు ఒక విచిత్రమైన పద్ధతి పాటించింది. సీజన్ ముగిశాక మంచి జట్లకు బహుమతిగా దక్కే బౌల్ ఆటల్లో చేసిన గజాలను ఆటగాడి అధికారిక లెక్కలో కలిపేది కాదు. బౌల్ ఆట ఒక వేడుకే తప్ప సీజన్‌లో భాగం కాదన్నది పాత ఆలోచన. 2002 నుంచి కలపడం మొదలుపెట్టారు, కానీ పాత ఆటగాళ్ల లెక్కలను వెనక్కి వెళ్లి సవరించలేదు. దాంతో పంఫ్రీ తన నాలుగేళ్ల బౌల్ ఆటలతో సహా 6,405 దగ్గర నిలిచాడు. డేన్ ఆడిన నాలుగు బౌల్ ఆటల గజాలు మాత్రం లెక్కకు రాకుండా పోయాయి. ఆ నాలుగింటిలో డేన్ వరుసగా 246, 36, 246, 200 గజాలు పరుగెత్తాడు. వాటిని కలిపితే అతడి మొత్తం 7,125 అవుతుంది. పంఫ్రీ రికార్డు దాటింది కూడా 2016 డిసెంబర్‌లో జరిగిన లాస్ వేగాస్ బౌల్‌లోనే కావడం ఇందులోని వింత. ఒకరి బౌల్ ఆటను లెక్కించి, మరొకరి బౌల్ ఆటలను లెక్కించకుండా వేసిన తక్కెడ అది. పంఫ్రీ తప్పేమీ లేదు, సన్నగా ఉండి ఎంతో చురుకుగా ఆడినవాడే. కానీ విస్కాన్సిన్ అభిమానులు నేటికీ ఈ మాట ఎత్తితే ఎందుకు మండిపడతారో మీ అబ్బాయి రూమ్మేట్‌ను అడిగితే తెలుస్తుంది.

ఇలాంటి లొసుగులు మరో రెండున్నాయి. 1972కు ముందు మొదటి సంవత్సరం విద్యార్థులను ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారు కాదు, అందువల్ల అంతకుముందు ఎంత గొప్పవాడికైనా మూడేళ్లే దక్కాయి. ఇక సీజన్ పొడవు పెరుగుతూ వచ్చింది. 1956లో జిమ్ బ్రౌన్ తన చివరి సీజన్‌లో బౌల్ కాకుండా ఎనిమిది ఆటలు ఆడితే, 1970ల్లో పదకొండు, 2006 నుంచి పన్నెండు ఆడుతున్నారు. దాని పైన కాన్ఫరెన్స్ ఫైనల్, బౌల్, ప్లేఆఫ్‌లు కలిస్తే నేటి ఆటగాడికి పదహారైనా దక్కవచ్చు. మొత్తం గజాలను పక్కపక్కన పెట్టి చూసే ముందు ఎన్ని ఆటల్లో అని అడగడం నేర్చుకుంటే సగం వాదాలు మొదలవకుండానే ముగుస్తాయి.

ఆ ప్రశ్నతోనే 1988కి వెళ్దాం. కాన్సస్ రాష్ట్రంలోని విచిటా నుంచి వచ్చిన బ్యారీ శాండర్స్ ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. ఆ ఎత్తు చూసి పెద్ద విశ్వవిద్యాలయాలు అతడిపై పెద్దగా ఆసక్తి చూపలేదు. ఓక్లహోమా స్టేట్‌లో చేరాక కూడా మొదటి రెండేళ్లు థర్మన్ థామస్ అనే మరో మహా ఆటగాడి వెనక ప్రత్యామ్నాయంగా ఉండిపోయాడు. 1987లో కిక్‌ఆఫ్ రిటర్న్ (ఎదుటి జట్టు తన్నిన బంతిని అందుకొని ఎదురు పరుగెత్తడం) సగటులో దేశంలో మొదటివాడు అయినప్పటికీ అసలు స్థానం థామస్‌దే. థామస్ వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయాక శాండర్స్‌కు దక్కిన తొలి పూర్తి సీజన్ 1988. అదే అతడి చివరి కాలేజీ సీజన్ కూడా. ఆ సీజన్ తొలి ఆటలో తొలి కిక్‌ఆఫ్‌నే అందుకొని వంద గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతితో ఎదుటి జట్టు గోల్ గీత దాటాడు. అంతకుముందు ఏడాది తొలి ఆటలోనూ అదే చేశాడు.

ఆ పదకొండు ఆటల్లో అతడు 344 సార్లు బంతి అందుకొని 2,628 గజాలు పరుగెత్తాడు, పరుగుతో 37 టచ్‌డౌన్‌లు చేశాడు. ఆటకు సగటున దాదాపు 239 గజాలు. ఒక ఆటలో నూరు గజాలు పరుగెత్తితే బాగా ఆడాడని అంటారు, రెండు వందలు దాటితే మరునాడు పత్రికలో పేరు వస్తుంది. ఇతడు నాలుగు ఆటల్లో మూడు వందలు దాటాడు. బలహీనమైన జట్లపై గుత్తగా పోగేశాడని కొందరు అంటారు. ఆ సీజన్‌లో ఓక్లహోమా స్టేట్ ఓడింది రెండే ఆటలు, అవి నెబ్రాస్కా, ఓక్లహోమా అనే రెండు ఉద్దండ జట్ల చేతిలో. వాటిపై కూడా అతడు వరుసగా 189, 215 గజాలు పరుగెత్తాడు. హాలిడే బౌల్‌లో వయోమింగ్‌పై 222 గజాలు, అయిదు టచ్‌డౌన్‌లు చేశాడు. అవి పాత నియమం వల్ల లెక్కలో లేవు. కలిపితే 2,850.

ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ ఆ ఏడాది అతడికి దక్కినట్టు తెలిసినప్పుడు అతడు బహుమతి ప్రకటించే న్యూయార్క్‌లో లేడు. జట్టు టెక్సస్ టెక్‌తో ఆట కోసం టోక్యోకు వెళ్లింది. కార్యక్రమంలో ఉపగ్రహం ద్వారా కనిపించి, కొన్ని గంటల తరువాత మైదానంలోకి దిగి 332 గజాలు పరుగెత్తాడు. ఇంత పెద్ద బహుమతి అందుకున్న రోజున మనిషి కాస్త తూలినా ఎవరూ తప్పు పట్టరు. అతడు మాత్రం సీజన్ మొత్తంలో తన అత్యధిక గజాలు ఆ రోజే చేశాడు.

శాండర్స్ పరుగును మాటల్లో చెప్పడం కష్టం. కబడ్డీలో మంచి కూతగాడిని గుర్తుచేసుకోండి: చూపు ఒకవైపు, భుజం మరోవైపు, అడుగు ఇంకోవైపు ఉంటాయి, పట్టుకోబోయినవాడి చేతులు మనిషి లేని చోట కలుసుకుంటాయి. శాండర్స్ ఆ మూడింటినీ పూర్తి వేగంలో చేసేవాడు. కుడివైపు పరుగు పెట్టి, అక్కడ సందు మూసుకుపోయిందని గ్రహించిన క్షణంలో కుడి పాదాన్ని నేలలో నాటి, నడుము నేలకు దాదాపు రెండడుగుల ఎత్తులోకి దించి, మొత్తం డిఫెన్స్ (అడ్డుకునే జట్టు) అటు మొగ్గి ఉండగా వెనక ఖాళీ అయిన ఎడమవైపుకు తిరిగేవాడు. దీన్ని కట్‌బ్యాక్ అంటారు. చాలామంది కట్‌బ్యాక్ చేసే ముందు ఒక అడుగు చిన్నదిగా వేస్తారు, అనుభవమున్న డిఫెండర్ ఆ చిన్న అడుగును కనిపెట్టి ఆగుతాడు. శాండర్స్ పాత వీడియోలు ఎన్నిసార్లు ఆపి ఆపి చూసినా నాకు ఆ చిన్న అడుగు దొరకలేదు. పొట్టివాడని వద్దనుకున్న అదే ఎత్తు ఇక్కడ ఆయుధమైంది. లైన్ వెనక నుంచి అతడు ఎటు వెళ్తున్నాడో డిఫెన్స్‌కు కనిపించేదే కాదు.

ఈ రికార్డుకు దగ్గరగా వచ్చినవారు ఇద్దరు. 2014లో విస్కాన్సిన్‌కు చెందిన మెల్విన్ గోర్డన్ 2,587 గజాలు చేశాడు. ఆ ఏడాదే అతడు నెబ్రాస్కాపై ఆటలోని నాలుగు క్వార్టర్లలో (భాగాల్లో) మూడింటిలోనే 408 గజాలు పరుగెత్తి ఒక ఆట రికార్డు నెలకొల్పితే, సరిగ్గా వారానికి ఓక్లహోమా కుర్రవాడు సమాజె పెరీన్ కాన్సస్‌పై 427 చేసి దాన్ని లాగేసుకున్నాడు. 2024లో బాయిసీ స్టేట్‌కు చెందిన ఆష్టన్ జెంటీ ఇంకా దగ్గరికి వచ్చాడు. ప్లేఆఫ్‌లో భాగంగా జరిగిన ఫియెస్టా బౌల్‌లో పెన్ స్టేట్‌పై 132 గజాలు చేస్తే రికార్డు అతడిది. 104 దగ్గర ఆగిపోయాడు, జట్టు కూడా 31-14తో ఓడింది. జెంటీ 2,601 గజాలు పద్నాలుగు ఆటల్లో చేశాడు. నాకు జెంటీ అంటే ఎంతో ఇష్టం, మొదటి దెబ్బకు కింద పడకుండా నిలబడి మళ్లీ కదిలే తీరులో ఇటీవల అతడిని మించినవారిని నేను చూడలేదు. అయినా ఆ రాత్రి అతడు ఆ 28 గజాలు చేసి ఉంటే పదకొండు ఆటల లెక్కను పద్నాలుగు ఆటల లెక్క దాటిందని మురిసిపోవాల్సి వచ్చేది. శాండర్స్ చేసిన దానిని ఆటల చొప్పున చూస్తే ఇద్దరికీ మధ్య యాభై గజాలకు పైగా దూరముంది.

ఒకే సీజన్ గొప్పగా ఆడినవాడిని కాలేజీ జీవితమంతటికీ మొదటివాడిగా ఎందుకు పెట్టలేదంటే, మిగిలిన రెండేళ్లు అతడు ప్రత్యామ్నాయ ఆటగాడే కాబట్టి. ఇక్కడ హర్షెల్ వాకర్ వస్తాడు. జార్జియాలోని రైట్స్‌విల్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన ఈ కుర్రవాడు చిన్నతనంలో లావుగా ఉండి, నత్తితో ఇబ్బంది పడినవాడు. టీవీలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా దండీలు తీసి దేహాన్ని తయారు చేసుకున్నాడు. 1980 సెప్టెంబర్ 6న టెన్నెసీతో నాక్స్‌విల్‌లో జరిగిన తొలి ఆటలో అతడిని మొదట బెంచీ మీదే కూర్చోబెట్టారు. జట్టు 15-2తో వెనకబడి ఉన్నప్పుడు పదహారు గజాల దూరం నుంచి బంతి అందుకొని, అడ్డువచ్చిన, డిఫెన్స్‌లో చివరన నిలబడే సేఫ్టీ బిల్ బేట్స్‌ను ఛాతీ మీదుగా తొక్కినంత పని చేసి గీత దాటాడు. ఆట 16-15తో జార్జియాదైంది. బేట్స్ ఆ తరువాత డాలస్ కౌబాయ్స్‌కు ఎన్నో ఏళ్లు ఆడినా, పాపం, ఆయన పేరు ఎత్తితే జనానికి ఇప్పటికీ ఆ క్షణమే గుర్తొస్తుంది.

ఆ సీజన్ చివరన 1981 జనవరి 1న న్యూ ఆర్లియన్స్‌లో నోటర్ డామ్‌తో జరిగిన షుగర్ బౌల్‌ను నా వాదనకు ప్రధాన సాక్ష్యంగా చూపుతాను. ఆట మొదట్లోనే వాకర్ భుజం కీలు జారింది. దాన్ని సరిచేయించుకొని తిరిగి వచ్చి, 36 సార్లు బంతి మోసి 150 గజాలు, జట్టు చేసిన రెండు టచ్‌డౌన్‌లూ చేశాడు. జార్జియా 17-10తో గెలిచి జాతీయ చాంపియన్ అయింది. ఇప్పుడు అసలు అంకె చూడండి: ఆ రోజు పరుగు, పాస్ అన్నీ కలిపి జట్టు మొత్తం సాధించింది 127 గజాలు. ఒక్కడు 150 చేస్తే జట్టు 127 ఎలా అవుతుందని ఎవరైనా అడుగుతారు. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్‌ను పాస్ విసరకముందే వెనక పడగొడితే పోయిన గజాలను పరుగు ఖాతాలోంచి తీసేస్తారు; ఆ రోజు జార్జియాకు పాస్ ద్వారా వచ్చినవి ఏడు గజాలే కాబట్టి, మిగతా అందరూ కలిసి వాకర్ సంపాదించిన దాంట్లోంచి ఖర్చు పెట్టారన్నమాట. పాస్ ఆడలేని జట్టు, అతడే బంతి తీసుకుంటాడని తెలిసి ఎదురుచూసే డిఫెన్స్, జారి సరిచేసిన భుజం, పద్దెనిమిదేళ్ల వయసు. తెరవాల్సిన సందు తెరుచుకోకపోయినా వెళ్లినవాడు అని నేను మొదట్లో అన్నది ఇలాంటివాడి గురించే.

మూడేళ్లలో 5,259 గజాలు. ఆ మూడేళ్లలో జార్జియా 33 ఆటలు గెలిచి మూడే ఓడింది. హైస్మన్ ఓటింగ్‌లో మొదటి ఏడాది మూడో స్థానం, రెండో ఏడాది రెండో స్థానం, మూడో ఏడాది మొదటి స్థానం. ఆ పైన నాలుగో ఏడాది ఆడకుండా, అప్పుడే పుట్టిన యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే పోటీ లీగ్‌లోని న్యూజెర్సీ జనరల్స్‌కు వెళ్లిపోయాడు. ఆ నాలుగో ఏడాది ఆడి ఉంటే, వెయ్యి గజాలకు తక్కువ చేసినా, అప్పటి టోనీ డోర్సెట్ 6,082 గజాల రికార్డు చెరిగిపోయేదని లెక్క వేసుకుంటే మీకే తెలుస్తుంది. ఒక అభ్యంతరం న్యాయమైనదే: ఒక్కో క్యారీకి, అంటే బంతి మోసిన ఒక్కోసారికి, అతడి సగటు 5.3 గజాలు, ఇది శాండర్స్ 7.6తో, బో జాక్సన్ 6.6తో పోలిస్తే తక్కువ. మూడేళ్లలో 994 సార్లు బంతి మోశాడన్నది కూడా దాంతోపాటు చెప్పాలి. నాలుగేళ్లలో బో జాక్సన్ మోసింది 650 సార్లు.

బో జాక్సన్ పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను, శరీరం ఇచ్చిన వరాన్ని బట్టి మాత్రమే ఎంచితే నా ఓటు అతడికే. ఆబర్న్‌లో ఫుట్‌బాల్‌తోపాటు బేస్‌బాల్, పరుగు పందేలు కూడా ఆడాడు. 1982లో, ఇంకా మొదటి సంవత్సరం విద్యార్థిగా, అలబామాతో ఆట చివర్లో గోల్ గీతకు గజం దూరంలో నాలుగో ప్రయత్నంలో మనుషుల గుట్ట మీదుగా గాలిలోకి ఎగిరి అవతల పడ్డాడు. తొమ్మిదేళ్లుగా అలబామా చేతిలో ఓడుతున్న ఆబర్న్ 23-22తో గెలిచింది. 1985లో 1,786 గజాలు చేసి హైస్మన్ గెలిచాడు, అదీ అయోవా క్వార్టర్‌బ్యాక్ చక్ లాంగ్‌పై కేవలం 45 పాయింట్ల తేడాతో. ఆ 45 పాయింట్లు నాకు ఎప్పుడూ విచిత్రంగానే అనిపిస్తాయి.

హైస్మన్‌నే కొలబద్దగా పెట్టుకుంటే జవాబు చాలా సులువు: 1974, 1975లో రెండుసార్లు గెలిచినవాడు ఒహాయో స్టేట్‌కు చెందిన ఆర్చీ గ్రిఫిన్ ఒక్కడే. వరుసగా 31 రెగ్యులర్ సీజన్ ఆటల్లో నూరు గజాలు దాటాడు. మొదటి సంవత్సరం విద్యార్థులను ఆడనివ్వడం మొదలైన 1972లోనే, తన తొలి ఆటలో బంతి జారవిడిచి, రెండో ఆటలో నార్త్ కరోలినాపై 239 గజాలు చేశాడు. అయితే 1975లో అతడు చేసిన టచ్‌డౌన్‌లు నాలుగే. గీత దగ్గరికి వచ్చాక బంతిని, మామూలుగా రన్నింగ్ బ్యాక్‌కు ముందు పరుగెత్తి దారి చేసే ఫుల్‌బ్యాక్ పీట్ జాన్సన్‌కు ఇచ్చేవారు, ఆయన పాతిక దాకా చేశాడు. గ్రిఫిన్ రెండో ట్రోఫీలో కొంత భాగం అంతకుముందు మూడేళ్ల మంచిపేరుకు దక్కిందని నా అభిప్రాయం. ఒహాయోలో ఉండే మన మిత్రులకు ఈ మాట రుచించదు.

పైగా ఆ ట్రోఫీ చరిత్ర అంత నిష్పక్షపాతమైనదీ కాదు. 1956లో సిరక్యూస్‌కు చెందిన జిమ్ బ్రౌన్ ఎనిమిది ఆటల్లో 986 గజాలు పరుగెత్తాడు. కోల్గేట్‌తో ఆటలో ఒక్కోదానికి ఆరు పాయింట్ల చొప్పున ఆరు టచ్‌డౌన్‌లు చేసి, టచ్‌డౌన్ తరువాత ఒక్కో అదనపు పాయింటు తెచ్చే కిక్‌లు ఏడింటిని కూడా తానే కొట్టి ఒక్కడే 43 పాయింట్లు సాధించాడు. అలాంటివాడు ఓటింగ్‌లో అయిదో స్థానంలో నిలిచాడు. గెలిచిన పాల్ హార్నంగ్ జట్టు నోటర్ డామ్ ఆ ఏడాది రెండు ఆటలు గెలిచి ఎనిమిది ఓడింది. నల్లజాతి ఆటగాడికి హైస్మన్ దక్కడానికి 1961 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ గెలిచినవాడు బ్రౌన్ తరువాత అదే సిరక్యూస్‌లో, అదే 44 నంబరు చొక్కా వేసుకున్న ఎర్నీ డేవిస్. డేవిస్‌కు మరుసటి ఏడాదే లుకేమియా బయటపడింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడకుండా 1963 మేలో 23 ఏళ్లకే మరణించాడు. దక్షిణాది విశ్వవిద్యాలయాలు నల్లజాతివారికి తలుపులు మూసి ఉంచిన కాలంలో ఆడినవారి పేర్లు మీరు చూసిన పట్టికలో ఉండనే ఉండవు. మిసిసిపీలో పుట్టిన వాల్టర్ పేటన్ 1970ల తొలినాళ్లలో కూడా నల్లజాతివారి కోసం ఏర్పడిన జాక్సన్ స్టేట్‌లో ఆడి, టీవీ కెమెరాలకు దూరంగా తన కాలేజీ జీవితం ముగించాడు.

ఇంకా వెనక్కి వెళ్తే రెడ్ గ్రేంజ్ ఉన్నాడు. 1924 అక్టోబర్ 18న ఇలినాయ్ కొత్త స్టేడియం ప్రారంభోత్సవం రోజున, మిషిగన్‌పై తొలి పన్నెండు నిమిషాల్లో 95 గజాల కిక్‌ఆఫ్ రిటర్న్, ఆ తరువాత 67, 56, 44 గజాల పరుగులతో నాలుగు టచ్‌డౌన్‌లు చేశాడు. వేసవి సెలవుల్లో ఇంటింటికీ ఐసు దిమ్మలు మోసి బలం పెంచుకున్న కుర్రవాడు. అతడిని నేను ఎవరితోనూ పోల్చను, ఆనాటి ఆట వేరు.

ఇటీవలి కాలానికి ఒక్క మాట చాలు. 2015లో అలబామాకు చెందిన డెరిక్ హెన్రీ 395 సార్లు బంతి మోసి 2,219 గజాలతో గెలిచిన తరువాత ఇప్పటిదాకా ఒక్క రన్నింగ్ బ్యాక్‌కు కూడా హైస్మన్ రాలేదు. పాస్ ఆట పెరిగింది, ఒకే మనిషితో నాలుగు వందల సార్లు బంతి మోయించడం మంచిది కాదని కోచ్‌లు గ్రహించి ఇద్దరు ముగ్గురికి పంచుతున్నారు. 1981లో యూఎస్‌సీ తరఫున 403 సార్లు మోసి, ఒక సీజన్‌లో రెండు వేల గజాలు దాటిన తొలివాడిగా నిలిచిన మార్కస్ అలెన్‌కు ఇచ్చినంత పని ఇప్పుడు దాదాపు ఎవరికీ ఇవ్వరు.

చివరగా మీ ఇంటి తగాదా. గజాల మొత్తంలో రూమ్మేట్‌దే గెలుపు: దాదాపు 250 పౌండ్ల మనిషి నాలుగేళ్లు ఆ వేగంతో పరుగెత్తడం మామూలు విషయం కాదు, 1999 నవంబర్ 13న అయోవాపై అతడు రికార్డు దాటిన రోజున మ్యాడిసన్ స్టేడియం అంతా అతడి పేరు, 33 నంబరు ముద్రించిన తెల్ల తువ్వాళ్లు ఊపింది. ఒక్కో క్యారీకి సగటులో మాత్రం రికీ విలియమ్స్ పైచేయి; నాలుగేళ్లలో అతడి లెక్క 990, 1,272, 1,893, 2,124 అని ఏటా పెరుగుతూ పోయింది, పైగా మొదటి ఏడాది అతడు ఆడింది ఫుల్‌బ్యాక్‌గా. 1997లో నాలుగే ఆటలు గెలిచిన జట్టును వదిలి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లే అవకాశమున్నా ఆస్టిన్‌లోనే మరో ఏడాది ఉండిపోయాడు. నా వరుసలో శాండర్స్, వాకర్, బో, గ్రిఫిన్, డోర్సెట్ తరువాత రికీ, అతడి వెనకే డేన్ ఉంటారు. 1998 నవంబర్ 27న టెక్సస్ ఏ అండ్ ఎమ్‌తో ఆటలో డోర్సెట్ పాత రికార్డు 6,082 గజాలను రికీ దాటింది తొలి క్వార్టర్‌లో అరవై గజాల పరుగుతో. గోల్ గీత దగ్గర తనను పట్టుకున్న డిఫెండర్‌ను ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లాడు, డోర్సెట్ స్వయంగా అక్కడే ఉండి అభినందించాడు. ఆ వీడియో మీ అబ్బాయి ఇప్పటికే పదిసార్లు చూసి ఉంటాడు. ఈసారి బంతిని వదిలేసి, మొదటి రెండు సెకన్లు లైన్‌లోని అయిదుగురిని, రికీకి ముందు పరుగెత్తిన ఫుల్‌బ్యాక్‌ను చూడమనండి.